గుంపు మావయ్య

ఊరంతా ఏకమై ఒక్క మనిషిని వెళ్ళగొట్టే ఘట్టం సినిమాలో వస్తే మనం ముక్కు చీదుకుంటూ ఏడుస్తాం. ఏడుపంతా ఆ ఒక్కరి కోసమే. వెళ్ళగొట్టేవాళ్ళ ముఖాలు ఎప్పుడైనా చూశారా? చూసి ఉండరు. అందులో ఎడమ పక్కన, తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాయనే గుంపు మావయ్య. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. గుంపులో నిలబడేవాడి పేరు ఎవడడుగుతాడు? వీధి పిల్లలు పెట్టిన పేరే ఖాయమైపోయింది.

పెళ్ళి విందులో బంతిలో కూర్చునేది ఆయనే, రైలు దిగేది ఆయనే, కథానాయిక మీద రాయి విసిరేది కూడా ఆయనే. రాయంటే నిజం రాయి కాదు లెండి, రంగు పూసిన స్పాంజి ముక్క. ఈ పనికి చదువు అక్కర్లేదు గానీ ఒద్దిక కావాలి. కెమెరా వంక చూడకూడదు. నలుగురికంటే ముందు అడుగు వెయ్యకూడదు. మాట్లాడుతున్నట్టు పెదాలు ఆడించాలి గానీ గొంతు బయటికి రాకూడదు. వచ్చిందా, హీరో గారి డైలాగు పాడైందని చివాట్లే చివాట్లు. అందుకని మావయ్య పెదాలతో తొమ్మిదో ఎక్కం అప్పజెప్పుకునేవాడు. తెర మీద చూస్తే మాత్రం ఎవరో ఊరి పెద్దమనిషి నిప్పులు కక్కుతున్నట్టే ఉండేది.

అన్నింటికంటే ఆయనకి పేరు తెచ్చిపెట్టింది ముఖం తిప్పడం. వెలివేసిన మనిషి వీధిలో నడిచి వస్తుంటే జనం ముఖం తిప్పుకోవాలి కదా! అందరూ ఒక్కసారే తిప్పితే కవాతులా ఉంటుంది. ముందు ఒకరు తిప్పాలి, ఆ ఒకరిని చూసి మిగతావాళ్ళు తిప్పాలి. "మావయ్యా, మీరు మొదలెట్టండి" అనేవాడు సహాయ దర్శకుడు. మావయ్య మెడ మెల్లగా తిరిగేది, వెనకాలే ఊరు ఊరంతా తిరిగేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట భార్యకి చెప్పుకుని మురిసిపోయేవాడు. "జనం మిమ్మల్ని చూసి మొహం తిప్పుకోకుండా ఉంటే చాలు లెండి" అంటూ ఆవిడ కంచం ముందు పెట్టేది.

వాళ్ళు కాపురముండేది ఒక పాత మేడలో. మధ్యలో ముంగిలి, చుట్టూ వసారాలు, పై అంతస్తులో ఎవరు దగ్గినా కిందికి వినబడుతుంది. కింది గదిలో మావయ్య చెల్లెలు. భర్త పోయాక, అన్నయ్య ఉన్నచోటే తనకి ధైర్యమని వచ్చి చేరింది. ఆసుపత్రిలో ఆయా పని. మనిషి బక్కపలచన, నోట్లో మాత్రం నువ్వు గింజ నానదు.

ఒకనాడు పొద్దున్నే నీళ్ళ మోటారు కనబడలేదు. వాచ్‌మనే అమ్ముకుని ఉంటాడన్నారు. ముందు ఎవరన్నారో తెలీదు, కాసేపటికి అందరూ అన్నారు. ముంగిట్లో నిలబెట్టి నిలదీశారు. అడగడం కాస్తా నెట్టడమైంది, నెట్టడం కాస్తా కొట్టడమైంది. పిల్లలకి బుద్ధులు చెప్పే పెద్దమనుషులే చేతికందింది పుచ్చుకుని బాదారు. చెల్లెలు అడ్డం వెళ్ళబోతే ఎవరో పక్కకి తోసేశారు. మావయ్య చెయ్యి ఎత్తలేదు. గుంపులో ఎక్కడ నిలబడాలో ఆయనకి బాగా తెలుసు. అక్కడే నిలబడ్డాడు.

సాయంత్రం మెకానిక్కు వచ్చి మోటారు బిగించి పోయాడు. మేడ కమిటీ ప్రెసిడెంటు గారే దాన్ని బాగుచెయ్యడానికి పంపించి, ఆ సంగతి మరిచిపోయారట! తేలు కుట్టిన దొంగల్లా అందరూ తలుపులేసుకున్నారు.

వాచ్‌మన్‌ని చేర్చింది చెల్లెలు పనిచేసే వార్డులోనే. చెయ్యి విరిగింది. ఎడమ చెవి ఇక వినబడదన్నారు. పోలీసులు వచ్చి విచారిస్తే మేడంతా కూడబలుక్కుని ఒకటే మాట చెప్పింది, మెట్ల మీంచి జారిపడ్డాడని. చెల్లెలు మాత్రం చూసింది చూసినట్టు చెప్పేసింది, పేర్లతో సహా.

ఇక చూస్కోండి. కుళాయి దగ్గర ఆమె బిందె పక్కకి జరిగిపోయేది. పలకరిస్తే గోడకి చెప్పుకున్నట్టే. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కలిసి బతకడం చేతకానివాళ్ళు కలిసి ఉండకూడదు" అని ప్రెసిడెంటు గారు అందరికీ వినబడేలా అన్నారు. మర్నాటికల్లా ఇంటి యజమాని వచ్చి గది ఖాళీ చెయ్యమన్నాడు.

ఆ సాయంత్రం చెల్లెలు అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, నేనొక్కదాన్నే చెబితే ఏదో కక్షతో చెప్పానంటున్నారు. ఇంకొక్కళ్ళైనా చెప్పకపోతే కేసు నిలబడదట. నువ్వూ చూశావు కదా. వచ్చి ఒక్క మాట చెప్పవూ?"

మావయ్య భార్య అందుకుంది. "నువ్వంటే పోతున్నావు, మేం ఇక్కడే బతకాలి కదమ్మా. నలుగురితో నారాయణ అన్నారు. పాపం వాచ్‌మన్‌కి అన్యాయమే జరిగింది, కాదనను. కానీ మీ అన్నయ్య చెబితే అతని చెవి తిరిగొస్తుందా?"

"చెవి రాదొదినా. దొంగ అన్న మాటైనా పోతుంది. పడుకుని అదొక్కటే అడుగుతున్నాడు, నేను తియ్యలేదని ఎవరైనా చెప్పారా అని."

మావయ్య పెదాలు ఆడాయి. గొంతు రాలేదు.

"పోనీలే అన్నయ్యా" అని చెల్లెలు మెట్లు దిగిపోయింది.

ఆమె వెళ్ళేనాడు వసారాల నిండా జనం. పని లేనివాళ్ళు సరే, పనున్నవాళ్ళు కూడా మానుకుని నిలబడ్డారు. ట్రంకు పెట్టె ఒక చేత్తో, చాప చుట్ట ఒక చేత్తో పట్టుకుని ముంగిలి దాటుతూ, నడిమధ్యన ఆగి తలెత్తింది. ఇంకెవరినీ చూడలేదు, అన్నని ఒక్కణ్ణే చూసింది. అప్పుడు మావయ్య మెడ మెల్లగా తిరిగింది. వెనకాలే వసారాలన్నీ తిరిగాయి. మొదలెట్టమని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఛీ, ఏం బతుకయ్యా!

ఆ తరవాత చాలా రోజులు అన్నం సయించలేదు. పనికి మాత్రం వెళ్ళాడు. అక్కడా అదే ఘట్టం ఎదురవ్వాలా! వీధి సెట్టు, రెండు పక్కలా జనం, మధ్యలో పెట్టె పట్టుకుని వెళ్ళిపోయే కథానాయిక. "మావయ్యా, మీరు మొదలెట్టండి" అన్నాడు సహాయ దర్శకుడు.

ఆ అమ్మాయి నడిచి వచ్చింది. తలెత్తి చూసింది. గ్లిసరిన్ కన్నీళ్ళని తెలుసు, పెట్టె ఖాళీదనీ తెలుసు. మావయ్య ముఖం తిరగలేదు. ఆయన్ని చూసి తిప్పాల్సినవాళ్ళు ఆయన్నే చూస్తూ ఉండిపోయారు. మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. దర్శకుడు మైకు పక్కన పడేసి తనే వచ్చాడు.

"ఏమైందయ్యా నీకు?"

"రావట్లేదండీ."

"ముఖం తిప్పడం రాకపోవడమేంటయ్యా! తల ఉన్న ప్రతివాడికీ వస్తుంది."

జనం పకపకా నవ్వారు. మావయ్యకీ నవ్వొచ్చింది, దాని వెనకే కళ్ళమ్మట నీళ్ళూ వచ్చాయి. రేపటి నుంచి రావద్దన్నారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రి వెనక సందులో చెల్లెలు కొత్తగా చేరిన గదికి నడిచాడు.

చెల్లెలు వాకిట్లో దుప్పట్లు పిండుతోంది. అన్నని చూసి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"తిన్నావా?" అంది. తిట్టి ఉంటేనే ఆయనకి బాగుండేది.

"ఎక్కడికెళ్ళి చెప్పాలమ్మా?"

ఆమె అన్న ముఖంలోకి చూసింది. "వదినకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు. వాయించేస్తుంది. వాయించనీ."

పోలీసు స్టేషన్లో రైటరు వాంగ్మూలం రాసుకోవడానికి కాగితం తీశాడు. బయట బల్ల మీద చెల్లెలు, ఆ పక్కనే మెడకి కట్టు కట్టుకుని, అందులో చెయ్యి వేలాడేసుకుని వాచ్‌మన్. అన్నయ్య వస్తున్నాడని ఆమే అతన్ని వార్డు నుంచి నడిపించుకొచ్చింది.

"కొట్టేటప్పుడు నువ్వెక్కడున్నావు?"

మావయ్య పెదాలు ఆడాయి.

"ఏంటయ్యా, ఊరికే పెదాలాడిస్తున్నావు? ఒక్క ముక్క వినబడితే ఒట్టు. గట్టిగా చెప్పు."

పాడు అలవాటు! తొమ్మిదో ఎక్కం నాలుక చివరిదాకా వచ్చేసింది. దాన్ని మింగి, జన్మలో ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"గుంపులో ఉన్నానండీ! అతను మోటారు తియ్యలేదు. మెట్ల మీంచి పడలేదు. కొట్టారు. నేను కొట్టలేదు, ఆపనూ లేదు, నిలబడి చూశాను. కొట్టినవాళ్ళ పేర్లన్నీ చెబుతాను. ముందు నా పేరు రాసుకోండి."

బయట బల్ల మీద వాచ్‌మన్ ముఖం తిప్పాడు, వినబడే చెవి తలుపు వైపుకి వచ్చేలా.