సొంత ఊళ్లో లాడ్జి గది

తిరుపతిలో ఇల్లుందంటే చాలు, మాకు చుట్టం కానివాళ్లు లేరు. ఏదో పెళ్లిలో ఒకసారి చూసిన మొహాలు కూడా పెట్టెలతో దిగేవి. ఉన్నవి రెండు గదులు. మంచాలు వాళ్లకు, వంటింట్లో చాప నాకు. కొండకు పోయేవాళ్లు తెల్లవారకముందే లేస్తారు; వాళ్ల వేణ్ణీళ్లకూ కాఫీకీ నేను ఇంకా ముందే లేవాలి. దర్శనం టికెట్లు దొరక్కపోతే వాళ్ల అలకలు కూడా నా నెత్తినే.

తలనొప్పి ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మెడ వెనక నుంచి పాకి కణతలు పిండేసేది. మా అత్త దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు, నొప్పి మాత్రం కదల్లేదు. నా భయం వేరు. మా అమ్మ తలనొప్పని మంచమెక్కి మళ్లీ లేవలేదు, తలలో గడ్డ అన్నారు. నాకూ అదేనని నమ్మేశాను. ఎవరికీ చెప్పలేదు. బీరువాలోని ఆకుపచ్చ పట్టుచీర కూతురికి, మిగతావి కోడలికి అని మనసులో పంచేశాను కూడా.

చివరికి మా ఆయన ఆస్పత్రికి లాక్కుపోయాడు. స్కానింగ్ చూసి డాక్టరమ్మ, “గడ్డా లేదు, ఏమీ లేదమ్మా. నిద్ర బాగా పడతా ఉండాదా?” అని అడిగింది.

“చుట్టాలు ఉన్నప్పుడా, లేనప్పుడా?”

ఆమె నవ్వింది. “ఈ ఊర్లో చుట్టాలు లేనిదెప్పుడులేమ్మా. ఇది నిద్రలేక, మనసుకు నెమ్మది లేక వచ్చే నొప్పి. ముందు కంటినిండా నిద్రపో. తగ్గకపోతే మళ్లా రా.”

అక్కడే ఏడ్చేశాను. సిగ్గు కూడా వేయలేదు.

ఇంటి ముందుకొస్తే గుమ్మం నిండా ఎవరివో కొత్త చెప్పులు. మా ఆయన ఆటో దిగనేలేదు. “బస్టాండుకాడికి పోనీ అప్పా,” అన్నాడు. అక్కడ లాడ్జిలో నాకు గది తీసుకున్నాడు.

“యా ఊరమ్మా మీది?” అన్నాడు కౌంటర్లో మనిషి.

“ఈ ఊరే.”

“మరి ఈడెందుకు?”

“నిద్రపోడానికి.”

నన్ను గదిలో దించి మా ఆయన ఇంటికి పోయాడు. పడుకున్నదే తెలుసు. లేచేసరికి సాయంత్రం ఎండ గోడమీద ఉంది. కణతలు నొక్కి చూసుకున్నాను, మళ్లీ నొక్కాను. నొప్పి లేదు. అంతలో అత్త ఫోను.

“చిత్తూరు నుంచి మా తమ్ముడోళ్లు వస్తా ఉండారంట. ఏం చెప్పేది?”

“రమ్మనత్తా. కాఫీ నీ కొడుకు పెడతాడు. నేను రేపొస్తా.”

ఫోను పక్కన పెట్టి మళ్లీ పడుకున్నాను. ఆ ఆకుపచ్చ చీర ఎవరికీ ఇచ్చేది లేదు, నేనే కట్టుకుంటాను.