పొట్టేలు మెడల పాఠం

మొన్న ముసురు పట్టిన దినం జడ్చర్లల పాలమూరు బస్సెక్కితె, ఎనుక సీట్ల ఒక ముసలాయన తడిసిన గొంగడి కప్పుకొని కూసున్నడు. ఆ వాసనకు ముందరి ఆడోళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నరు, వాన కొడుతున్నా కిటికీలు తెరిసిండ్రు, కండక్టరు సుత జర దూరం కూసోమని ఆయనను కసిరిండు. నాకు కోపం నషాలానికెక్కింది. ఉన్ని వాసన మీకంత కంపాయెనా అని లేచి అడగబోయిన. గప్పుడే నా పక్క సీట్ల పిల్లగాడు సెల్లుల చదువుల ఆప్ పెట్టుకున్నడు. దాంట్లకెల్లి ఒక ఆడమనిషి మెత్తగ, ఓపికగ, భిన్నాల లెక్క చెప్పబట్టింది. తడిసిన గొంగడి, ఆ మెత్తటి గొంతు ఒక్కతాన కలిసెసరికి నా కుడి మోచెయ్యిల ఎముక గుంజింది. అడగబోయింది అడగకుండనే కూసున్న.

మాది ఆత్మకూరు దిక్కు, కృష్ణ ఒడ్డుకెల్లి జర లోపలికున్న ఊర్ల కుర్మోళ్ల ఇల్లు. నాయిన, అమ్మ, అవ్వ, మా అన్న శీనన్న, ఎనుక పుట్టిన ఆడిపిల్లను నేను, మాతోటి ఒక మంద గొర్లు. మా ఊర్ల మాటకన్న ముందుగాల చెయ్యి లేస్తుండె. చిన్నతనం అంటె నా మటుకు దెబ్బలే, తీరొక్క దెబ్బలు. బడిల లెక్కల సారు తంగేడు బరిగెలు తెమ్మని మమ్మల్నే పంపి, అది గట్టిగున్నదా లేదా అని మొదలు తెచ్చినోని మీదనే చూసేటోడు. గొర్లు చేన్ల పడితె చేనాయన కట్టె పట్టుకొని తరిమేటోడు, దొరికితె ఈపు మీద వాతలు, దొరకకపోతె ఎనుకకెల్లి మట్టిపెల్లలు. ఇంట్ల అవ్వ చేతుల తెడ్డు, అమ్మ చేతుల చీపురు, నాయిన చేతుల గొర్లు కట్టే తాడు. దెబ్బకు దయ్యం దిగుతదని అవ్వ అనేది. మాకు ఎన్ని దయ్యాలు పట్టినయో ఏమో, ఒక్కటి సుత దిగలేదు.

ఏడాది తిరిగొచ్చే సంబురాలల్ల సుత నెత్తురుండె. సీతాఫలాల కాలంల గుట్టకు పోయి, కన్ను విచ్చిన కాయలు ఏరి, ఎండుమండల మంట ఆరినంక బూడిదల కుక్కి కాల్చుకుంటుంటె, ఆ తియ్యటి పొగల, చేతులు కాలుకుంట, పెద్దకాయ ఎవలిదని మొదలైన లొల్లి రాళ్ల దాంక పోయేది. నా నొసటి మీది మచ్చ గప్పటిదే, శీనన్న ముంజేతి మీద నా పండ్ల గాట్లు గప్పటియే. పీరీల పండుగకు పక్కింటి ఖాజా మామ రొట్టెలు నలిచి చేసిన మలీద పంపిస్తె, బెల్లం సోంపు వాసనకు ఇద్దరం గిన్నె మీద పడేటోళ్లం, గిన్నె దొర్లేది, మలీద మట్టిల కలిసేది, ఇద్దరి ఈపులు సమానంగ పగిలేవి. మైసమ్మ పండుగనాడు డప్పుల మోతల, వేపాకు పసుపు వాసనల, పోతరాజు గొర్రెపిల్ల గొంతును పండ్లతోని కొరికి గావు పడుతుంటె మేము ముందు వరుసల నిలవడి చూసేటోళ్లం. మొకం మీద నెత్తురు చింది పడ్డా తుడుసుకోకపోయేటోళ్లం. మాకు బుగులన్నది, భయమన్నది తెలువది.

కరోనా వచ్చి బడి బందైన ఏడు నేను తొమ్మిదో తరగతి. శీనన్న నాకన్న పెద్దోడే, గని గొర్ల ఎంట వలస తిరిగి తిరిగి ఎనుకపడి నాతోనే తొమ్మిదిల కూసుంటుండె. సార్లు సెల్లుల ఒక ఆప్ ఎక్కియ్యమన్నరు. దినాం దాంట్ల పాఠం నడవాలె. ఆఖరుదాంక నడిస్తె పిల్లల పేరు పక్కన పచ్చ చుక్క పడతది, నడవకుంటె ఎర్ర చుక్క. ఇంట్ల సెల్లు ఒక్కటి, పేర్లు రెండు. నాయినకు అక్షరం రాదు. అయినా పొద్దూకంగ దొడ్డికి గొర్లు చేరినయా లేదా చూసుకున్నట్టె, సెల్లు తెరిపిచ్చి రెండు చుక్కలు చూసుకునేటోడు. పచ్చ అంటె మంద ఇంటికొచ్చింది, ఎర్ర అంటె తోడేలు తిన్నది. గా లెక్కతోనే ఒకనాడు తీర్పు చెప్పిండు. తనకు మోకాళ్లు పనిజేస్తలేవట, గొర్లకు ఇంకో మనిషి గావాల్నట. బడి తెరిసినంక ఇద్దర్ల ఒక్కరే పోతరు, ముందుగాల ఎవలికి ఎర్ర చుక్క పడితె వాళ్లు కట్టె పట్టుకొని మంద ఎనుక నడవాలె. 

గా దినం సంది ఇంట్ల యుద్ధమే. శీనన్నకు సదువంటె పానమేం గాదు. వానికి పోలీసు నౌకరి గావాలె. చేన్ల గొర్లు పడ్డయని నాయినను నడి బజార్ల చెప్పుతోని కొట్టిన పెద్దమనిషి ఒకడున్నడు, వాన్ని జీపెక్కియ్యాల్నని శీనన్న పంతం. నాకేమో బడి లేకుంటె ఊపిరే ఆడదనిపిచ్చేది. సెల్లు కోసం జుట్లు పట్టుకున్నం, రక్కుకున్నం, నేను పీటతోని వాని మోకాలు పగలగొట్టిన, వాడు నా చెయ్యి ఎనుకకు మెలిపెట్టి, సెల్లు ఇడిసేదాంక మొకాన్ని గోడకు రుద్దిండు. నాయిన వచ్చి ఇద్దర్ని ఒకే తాడుతోని కొట్టేటోడు. తాడు కింద సుత ఒకర్నొకరం గిచ్చుకునేటోళ్లం.

నిజం చెప్పాలంటె ఆ ఆప్‌ల ఆడమనిషి గొంతంటె నాకు పిచ్చి. పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి, మళ్ల అడిగితె తన్నని పంతులు నాకు దొరికింది ఆమెనే. పదిసార్లు ఎనుకకు తిప్పినా ఇసుగు లేదు, బరిగె లేదు, నీ మొకానికి సదువెందుకని అనదు. మా బడిల సైన్సు రూముకు ఎప్పుడు తాళమే. గుండె లోపటి గదులు, వాటి మధ్యల తలుపులు తెరుసుకునుడు మూసుకునుడు నేను ఆ సెల్లులనే చూసిన. గొర్రెను కోసినప్పుడు అరచేతుల పట్టుకున్న ముద్దల ఇంత కథ ఉన్నదా అని గా దినం కూడు సుత సయించలేదు. ఇయ్యాల నేను నర్సు సదువుతున్ననంటె దాని మూలం అక్కడనే ఉన్నది. గీ మాట ఎవల ముందలనైన చెప్త.

అయితె నెట్టు సిగ్నలు గుట్ట మీదనే దొరికేది. గుట్ట మీద సెల్లు పట్టుకొని కూసుంటె గొర్లు చేన్ల పడతయి. బండ మీద పెట్టి పోతె కోతులు ఎత్తుకపోతయి. గప్పుడు శీనన్నకు ఒక తెలివి తట్టింది. మా మందల మైసమ్మకు ఇడిసిన ఎర్రపొట్టేలు ఉండె. పొద్దు పొడిసినంక గుట్ట నెత్తికి ఎక్కి నిలవడుడు దాని గుణం, దాని దగ్గరికి కోతి సుత రాదు. శీనన్న ఒక గుడ్డసంచి కుట్టి, సెల్లును దాంట్ల పెట్టి, మెడల గంట పక్కన కట్టిండు. కుర్మోనికి పొట్టేలు మీదున్న నమ్మకం ఇంకెవల మీద ఉండది, బండ మీద పెట్టనిది దాని మెడకు ధైర్యంగ కట్టిండు. మొదలు వాని పేరు మీద పాఠం నడిచేది, అది ఒడిసినంక పొట్టేలును పట్టుకొని నా పేరు మీదికి మార్సి మళ్ల ఇడిసేటోళ్లం. శీనన్న కాలువల ఈత కొట్టనీకి పోయేటోడు.

నేనేమో పొట్టేలు ఎంటవడి ఉరికేదాన్ని. పరికి కంపలల్ల, బలుసు పొదలల్ల, చెప్పులు తెగి, కాళ్లు చీరుకపోయి, అది మేసుకుంట పోతుంటె దాని మెడ పక్కన వంగి నడుసుకుంట ఒక్క పాఠమే రెండుసార్లు ఇన్న. గంట మోతల సగం మాటలు కలిసిపోయేవి, పొట్టేలు తల ఇదిలిస్తె బొమ్మ ఆకాశం దిక్కు తిరిగేది. కొన్ని దినాలకు గొర్లు సుత ఆ గొంతుకు అలవాటైనయి, పాఠం ఆగితె తలలెత్తి చూసేవి. పొట్టేలు తోలు మీద రాయి ఏసినా లెక్కచెయ్యకపోయేది, నన్ను సుత రెండుమూడుసార్లు పక్కటెముకలల్ల కుమ్మింది. ఇంటికాడ నాయిన రెండు పచ్చ చుక్కలు చూసి మీసం దువ్వుకునేటోడు. ఏ సదువు లేని ఎర్రపొట్టేలు ఇద్దరు పిల్లల హాజరు ఏపిస్తుండె, ఆప్‌కు గా సోయి లేదు. కొట్టదు సరే, కండ్లు సుత లెవ్వు గదా దానికి. మా లెక్కల సారు కొట్టేటోడే గని, ఎవడు ఇంటుండో ఎవడు నిద్రపోతుండో ఎనుక బెంచి దాంక ఎరుకుండె.

ఒకనాడు శీనన్న పాఠం ఒడిసి, నాది సగంల నడుస్తుండంగ, గుట్ట అవతలి ఊరోళ్ల మంద ఎదురొచ్చింది. దాంట్ల ఒక నల్లపొట్టేలు. రెండు ఒకదాన్నొకటి చూసినయి, ఎనుకకు అడుగులేసినయి, ఉరికొచ్చి తలలు తాకిచ్చినయి. బండ పగిలిన సప్పుడు. మళ్ల ఎనుకకు పోయినయి. మెడల సంచి ఊగుతున్నది, లోపట ఆమె చెప్తనే ఉన్నది. సెల్లు పగిలితె ఎర్ర చుక్క, ఎర్ర చుక్క పడితె నా బతుకంత గీ కంపలల్లనే. అంతకుమించి ఏం ఆలోచన రాలేదు, రెంటి మధ్యలకు దుంకి సంచిని పట్టుకున్న. నల్లది వచ్చి నా మోచెయ్యిని ఎర్రదాని కొమ్ములకు కొట్టింది. ఎముక ఇరిగింది నాకు ఇనబడ్డది. కిందపడ్డ నా మీద ఎర్రది కాళ్లేసి తొక్కి, మళ్ల తల వంచి ఎనుకకు అడుగేసింది. శీనన్న కాలువకెల్లి తడిబట్టలతోనే ఉరికొచ్చిండు, మండలు కొట్టే గొడ్డలిని తిరగేసి దాని నడినెత్తిన కొట్టిండు. రెండో దెబ్బకు అది నా కాళ్ల మీద కూలింది. పగిలిన అద్దం ఎనుకకెల్లి, నెత్తుట్ల తడిసిన సంచిలకెల్లి, ఆ మెత్తటి గొంతు ఇంకా వస్తనే ఉన్నది. "అర్థమైంది కదా పిల్లలూ? అయితే ముందుకు వెళ్దాం" అన్నది. ముందుకు పోకుండనే బందైంది.

ఆత్మకూరు దవాఖానల నా చేతికి కట్టు కట్టిచ్చి తెచ్చినంక నాయిన తాడు తీసిండు. మైసమ్మ సొమ్మును గొడ్డలితోని కొడ్తవారా అని శీనన్నను దొడ్డి గుంజకు ఆనిచ్చి కొట్టిండు. అంగీ చినిగింది, ఈపు చిట్లింది, వాడు నా పానం కోసం కొట్టిన్నని ఒక్కమాట సుత చెప్పుకోలేదు. తెల్లారి సారు ఖాజా మామ సెల్లుకు ఫోన్ చేసి, శీనుకు పచ్చ ఉన్నది, పిల్లకు ఎర్ర పడ్డదని చెప్పిండు. నాయిన తన తీర్పు తాను తప్పేటోడు గాదు. పిల్ల చెయ్యి మానినంక మంద ఎనుక నడుస్తదని అన్నడు. 

శీనన్న గోడ పట్టుకొని లేచిండు. "నా పచ్చ చుక్కలు పొట్టేలు సదివితె పడ్డయి నాయినా. పిల్ల దాని ఎంటవడి ఉరుక్కుంట ఇన్నది. పిల్లను బడికి పంపు, గొర్లు నేను చూస్త."

ఇన్ని దినాలు తన కండ్లల్ల మన్ను కొట్టిండని నాయిన మళ్ల తాడెత్తిండు. అవ్వ పోయి శీనన్న మీద పడ్డది, నాలుగు దెబ్బలు ఆమెకు సుత తాకినయి. గప్పుడు నాయిన తాడు పారేసి గడప మీద కూసొని చేతులల్ల మొకం పెట్టుకున్నడు. శీనన్న నోట్ల నెత్తురు ఊసి నా దిక్కు చూసిండు. "సదవకుంటె సంపుత" అన్నడు.

సదివిన. ఇప్పుడు పాలమూరుల నర్సింగు సదువుకుంట, దవాఖానల డ్యూటీ సుత చేస్తున్న. ఆ గుట్ట ఎనుకటి లెక్క లేదు, కంకర మిషన్లు పెట్టి సగం తిన్నరు, పరికి కంపలు లెవ్వు, మేపనీకి జాగా లేక మందను అమ్ముకున్నం. నాయిన మంచంల ఉన్నడు, ఎవల మీద చెయ్యి లేస్తలేదు. మా ఇంట్ల అందరం ఇప్పుడు మెత్తగ మాట్లాడుకుంటున్నం, ఎవలకు ఎవలం ఎదురు చెప్పం. శీనన్న జడ్చర్లల ఒక కంపెనీల మూటలు మోస్తడు.

పోయిన వారం అరచెయ్యి తెగి మా దవాఖానకే వచ్చిండు. నేను తెల్లబట్టలల్ల ఉన్న. గాయం కడిగి కుట్లకు పట్టుకుంటుంటె నొప్పి లేస్తున్నదా అని అడిగిన. డాక్టరు ముందల తల వంచుకొని, లేదు మేడం అన్నడు. వరుస మరిసినవా అని గేటు దాంక ఎంటవడి కొట్లాడిన. సదువుకున్నోళ్లతోని గట్లనే మాట్లాడాలె, పది మందిల పిల్లా అంటె నీకే నామోషి అన్నడు. నాకు ఒళ్లు మండి, అందరు చూస్తుండంగ వాని ఈపు మీద బలంకొద్ది ఒక్కటి సరిసిన. మా గుట్ట మీదైతె గా దెబ్బకు రెండు తిరిగొచ్చేవి. శీనన్న భుజం తడుముకున్నడు. డ్యూటీకి ఆలశ్యమైతది, లోపలికి పోండ్రి మేడం అని చెప్పి, కట్టు కట్టిన చెయ్యి పైకి పట్టుకొని బస్టాండు దిక్కు నడిసిండు.