హోసే మూడో బేస్ మీద ఉండగా

మొన్న ఏప్రిల్‌లో మా అమ్మాయికి బేస్‌బాల్ గ్లవ్ కొన్నాం. తోలు మెత్తబడడానికి రాయమని షాపువాళ్లు ఒక చిన్న సీసా నూనె కూడా ఇచ్చారు. ఇంటికొచ్చి మూత తీసి చూస్తే దానికి ఏ వాసనా లేదు. నాకు తెలిసిన గ్లవ్ వాసన అది కాదు. పచ్చితోలు, ఎండిన ఎర్రమట్టి, చెమట, వీటన్నిటి మీదా నువ్వుల నూనె, అదీ నా గ్లవ్ వాసన. కొత్త తోలుకి నూనె పట్టించాలని కోచ్ చెప్పాడంటే, మా నాయనమ్మ వంటింట్లోంచి పప్పునూనె తెచ్చి, పసిపిల్లకి ఒళ్లు రుద్దినట్టు అరగంటసేపు రుద్ది, ఎండ తగిలే కిటికీలో ఆరబెట్టింది. ఆ ఎండాకాలమంతా నేను బంతి పట్టినప్పుడల్లా మొహానికి పులిహోర వాసన కొట్టేది.

అప్పటికి మేము అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో, రెండో అంతస్తులో, రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. అంతకు ఏడాది ముందు వరకు నేపర్‌విల్‌లో, ముందు నాలుగు తెల్ల స్తంభాలున్న ఇంట్లో ఉండేవాళ్లం. నాన్నకి కన్సల్టింగ్ కంపెనీ ఉండేది. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన ఇంజనీర్లు మొదటి వారం మా బేస్‌మెంట్‌లోనే పడుకునేవారు. నాయనమ్మ వాళ్లకి ముద్దపప్పూ ఆవకాయా కలిపి పెడుతుంటే, డాలర్ని రూపాయల్లోకి మార్చుకుంటూ దిగులుపడేవాళ్లు కూడా రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. ఉగాదినాడు గుడిలో పచ్చడి మొదట మా ఇంటివాళ్ల చేతిలోనే వేసేవారు. తరవాత కంపెనీ మూతపడింది. ఎందుకు, ఎలా అన్నది ఇక్కడ రాయను. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను.

ఇల్లు చిన్నదైంది గాని అలవాట్లు చిన్నవి కాలేదు. నాన్న పాల డబ్బా తేవడానికి వెళ్లినా ఇస్త్రీ చొక్కా, టై వేసుకునే వెళ్లేవారు. చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మా వంశంలో లేదని ఆయన నమ్మకం. నేను బేస్‌బాల్‌లోకి వచ్చింది ఆ నమ్మకం వల్లే. ఊరి లీగ్ ఫారం నింపుతూ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ గడి వదిలేసి దాని కింద గడిలో టిక్ పెట్టారు. మర్నాడు లీగ్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, పొరపాటేమో అని అడిగింది. నాన్న ఒక్క క్షణం ఆగి, "పొరపాటేం లేదు. మా అమ్మాయి బేస్‌బాలే ఆడుతుంది" అన్నారు. ఫోన్ పెట్టేశాక నా వైపు చూసి, "ఆడతావుగా?" అని అడిగారు. నాకు పన్నెండేళ్లు. ఆడతానన్నాను. ఆ జట్టులో పదముగ్గురం, ఆడపిల్లని నేనొక్కదాన్నే.

ఇల్లినాయ్ ఏప్రిల్ అంటే వసంతం అని కేలండర్‌లో ఉంటుందంతే. మైదానం పక్కన మంచు ముద్దలు ఇంకా కరగకుండా నల్లగా పడి ఉండేవి. ఆ చలిలో అల్యూమినియం బ్యాట్‌కి బంతి తగిలితే రెండు అరచేతుల్లోనూ తేనెటీగలు కుట్టినట్టుండేది. మే వచ్చేసరికి గడ్డి కోసిన వాసన, సున్నంతో గీసిన తెల్లగీతల వాసన, నాచోస్ మీద పోసే వేడి చీజ్ వాసన కలిసిపోయేవి. జూన్‌లో కాటన్‌వుడ్ చెట్ల నుంచి బూరుగు దూదిలాంటిది గాలిలో తేలివచ్చి హెల్మెట్లలో దూరేది. వెనక పట్టాల మీద గూడ్సు బండి పోయినంతసేపూ ఆట ఆపి అందరం వ్యాగన్లు లెక్కపెట్టేవాళ్లం. మిగతా పిల్లలు పొద్దుతిరుగుడు గింజలు నమిలి తొక్కలు ఊస్తుంటే నేను నాయనమ్మ ఇచ్చిన చేగోడీల డబ్బా తెరిచేదాన్ని. రెండో వారానికల్లా జట్టంతా ఆ డబ్బా చుట్టూ మూగింది. కోచ్ వాల్ట్ ఒక చేగోడీ చిటికెన వేలికి ఉంగరంలా తొడుక్కుని, ఆట అయ్యాక తినేవాడు.

వాల్ట్ పగలు స్కూల్ బస్సు నడిపేవాడు. నలభై మంది పిల్లల్ని రోజూ అద్దంలో చూసి చూసి, ఎవరిని ఎలా కదిలించాలో నేర్చుకున్నాడు. ఏడ్చే పిల్లవాడికి ఊరుకోమని చెప్పేవాడు కాదు. అవతలి పిచర్ ఎన్ని బంతులు వేశాడో లెక్కపెట్టమని పని ఇచ్చేవాడు, లెక్కలో పడి వాడు ఏడుపు మరిచిపోయేవాడు. బద్ధకస్తుడితో తనే పందెం వేసి, ఆ పెద్ద పొట్టతో పరుగెత్తి ఓడిపోయేవాడు. మా అందరిలోకీ పొట్టివాడు, అందరికంటే వేగంగా పరుగెత్తేవాడు హోసే. వాడి చెవిలో స్పానిష్‌లో, పద అన్నట్టు, "వామోస్" అని ఒక్క మాట అంటే చాలు. నన్ను మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు. "మిస్" అని పిలిచేవాడు, అంతే. మెచ్చుకుంటే నాకు చిన్నతనంగా ఉంటుందని ఆయనకి మొదటివారమే తెలిసిపోయింది.

నాకు బ్యాట్ పట్టడం నేర్పింది నాన్న. ఆయన కాలేజీ క్రికెట్ జట్టులో ఓపెనర్. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, టై భుజం మీదికి వేసుకుని, టెన్నిస్ బంతి విసిరేవారు. "మోకాలు వంచు. బంతి వెంట నువ్వు పోకు, దాన్నే నీ దగ్గరికి రానీ. చేతులు మెత్తగా పెట్టు, సాఫ్ట్ హ్యాండ్స్!" బంతి బ్యాట్‌కి తగిలి, అక్కడికక్కడే చచ్చి, కాళ్ల దగ్గర పడాలి. బేస్‌బాల్‌లో అది చూసి కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. వాల్ట్ నవ్వలేదు. ఇంకోసారి చెయ్యమన్నాడు, ఇంకోసారి. ఆ తరవాత టోపీ తీసి తల గోక్కుంటూ, బంతిని ఇంత నెమ్మదిగా చంపేవాళ్లని తన ముప్పై ఏళ్ల కోచింగ్‌లో చూడలేదన్నాడు. ఆ రోజు నుంచి జట్టుకి బంట్ కొట్టే పని నాదైంది.

బంట్ అంటే బ్యాట్ ఊపకుండా అడ్డంగా చాచి, బంతిని మెల్లగా నేల మీద పడనివ్వడం. కొట్టినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఔటే. ఫీల్డర్లు ఆ బంతి వెంట పడుతుండగా ముందున్న మనవాడు ఒక బేస్ ముందుకి పోతాడు. మూడు బేసులూ దాటి, బ్యాట్ పట్టినవాళ్లు నిలబడే చోటికి, అంటే 'ఇంటికి', తిరిగి చేరితే ఒక పరుగు. ఈ సంగతి నాన్నకి చెప్పినప్పుడు ఆయన మొహం ఎర్రబడింది. "డిఫెన్స్ నేర్పింది వికెట్ కాపాడుకోవడానికమ్మా, చేతులారా ఇచ్చెయ్యడానికి కాదు." నాకూ అలాగే అనిపించింది. పోగొట్టుకున్నది చాలదా, మళ్లీ నేనెందుకు ఇవ్వాలి?

మే నెలలో ఒక ఆటలో హోసే మూడో బేస్ మీద ఉన్నాడు. వాల్ట్ టోపీ ముట్టుకుని, బెల్టు ముట్టుకుని, మోచెయ్యి పట్టుకున్నాడు. అది స్క్వీజ్ గుర్తు. పిచర్ చెయ్యి కదలగానే హోసే కళ్లు మూసుకున్నట్టు ఇంటివైపు పరుగెత్తాలి. నేను ఎలాంటి బంతికైనా బంట్ పెట్టాలి. గుర్తు అందిందని చెప్పడానికి నేను హెల్మెట్ ముట్టుకోవాలి, హోసే మోకాలు ముట్టుకోవాలి. నేను హెల్మెట్ ముట్టుకున్నాను. బంతి నడుము ఎత్తున, తెల్లగా, ఊరిస్తూ వచ్చింది. బ్యాట్ ఊపేశాను. బంతి తుపాకీ గుండులా, ఎదురు పరుగెత్తి వస్తున్న హోసే చెవి పక్కనుంచి దూసుకుపోయింది. రెండు బేసుల హిట్. గెలిచాం. అందరూ గంతులేశారు. నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాల్ట్ మొహం మాత్రం సున్నం గీతలా ఉంది. హోసే చెవి తడుముకుంటూ, "నెక్స్ట్ టైమ్ చెప్పి కొట్టు, ఓకే?" అని నవ్వాడు. అయితే ఆ తరవాత ప్రాక్టీసులో స్క్వీజ్ అనగానే వాడు సగం దూరం వచ్చి ఆగిపోయేవాడు. నా బ్యాట్ వైపు చూసి ఆగిపోయేవాడు. వాడి కాళ్లలోంచి నమ్మకం పోయిందని నాకు అర్థమైంది. సారీ చెప్పాలనుకున్నాను. మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు, అందుకే నాకూ చెప్పడం రాలేదు.

వాల్ట్ తిట్టలేదు. వరసగా నాలుగు ఆటల్లో, జట్టు బ్యాటింగ్ చేస్తున్నంతసేపూ నన్ను తన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాడు. నా వంతు వచ్చినప్పుడే లేచేదాన్ని. ఇప్పుడు నువ్వైతే ఏం చెప్తావు అని ప్రతి బంతికీ అడిగేవాడు. మూడో ఆట నుంచి గుర్తులు నన్నే ఇమ్మన్నాడు. నేను మోచెయ్యి పట్టుకుంటే అక్కడెక్కడో ఒక పిల్లవాడు హెల్మెట్ ముట్టుకునేవాడు, ఇంకొకడు దూకేవాడు. పన్నెండేళ్ల పిల్ల మోచెయ్యి మీద అంతమంది బతుకు వేలాడుతోందని తెలిశాక నాకు ఒళ్లు జలదరించింది. వాల్ట్ ఒకే ఒక్క మాట అన్నాడు: "మిస్, నిన్ను తోస్తే నువ్వు కదలవు. కదిలేది నీ నిర్ణయమైతేనే కదులుతావు."

జూలై నాలుగు దాటిన శనివారం ఫైనల్. ఎదుటి జట్టు నేపర్‌విల్. పిచర్ నిఖిల్, మా పాత వీధిలో మూడో ఇంటివాడు, చిన్నప్పుడు నాతో కలిసి ఉండ్రాళ్లు దొంగిలించినవాడు. వాళ్ల నాన్న ప్రసాద్ అంకుల్ మా కంపెనీలో మొదటి ఉద్యోగి. ఒకప్పుడు మా నాన్నని 'సార్' అనేవాడు. ఆ రోజు చూసేవాళ్లు కూర్చునే మెట్ల మీద నాన్న పక్కన కూర్చుంటూ, "ఏవండీ రావుగారూ, ఎలా ఉన్నారు? ఎక్కడుంటున్నారిప్పుడు?" అన్నాడు. నాన్న వీపు ఇంకా నిటారైంది. నాయనమ్మ అతనికీ చేగోడీలు పెట్టింది.

చివరి ఇన్నింగ్స్. మూడు, మూడు, సమానం. మాదే బ్యాటింగ్, ఒకరు ఔట్, హోసే మూడో బేస్ మీద, వంతు నాది. నిఖిల్ నన్ను చూసి పళ్లికిలించి అరిచాడు: "హే, మీ డాడ్‌కి ఆ టై ఒక్కటేనా ఇంకా?" నాకు చెవుల్లో మంట పుట్టింది. ఆ బంతిని వాడి తల మీదుగా కంచె దాటించాలి, పట్టాలు దాటించాలి, నేపర్‌విల్ దాకా పోవాలి. మెట్ల మీంచి నాన్న గొంతు, "కొట్టమ్మా! గట్టిగా కొట్టు!"

వాల్ట్ ఆట ఒక నిమిషం ఆపించి నా దగ్గరికి వచ్చాడు. ఏ గుర్తూ చెప్పలేదు. "ఈసారి సైన్ నువ్వే ఇవ్వు మిస్. హోసే నిన్నే చూస్తాడు" అని వెళ్లిపోయి, అటు తిరిగి నిలబడ్డాడు.

హోసే నా వైపు చూశాడు. గాలి ఆగింది, దూది తేలుతోంది, ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడుస్తోంది. నేను టోపీ బదులు హెల్మెట్ ముట్టుకున్నాను, బెల్టు ముట్టుకున్నాను. ఒక క్షణం ఆగి, మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నన్ను నేను ఔట్ చేసుకోమని నాకు నేనే ఇచ్చిన ఆజ్ఞ. హోసే కదల్లేదు. ఇంకోసారి పట్టుకున్నాను, ఈసారి వాడి కళ్లలోకి చూస్తూ. వాడు వంగి మోకాలు ముట్టుకున్నాడు.

నిఖిల్ చెయ్యి లేచింది. హోసే దూకాడు. సగం దూరం దగ్గర ఆగలేదు! వాడి బూట్ల చప్పుడు నా ఎడమ చెవిలో పెరిగిపోతోంది. బంతి నా మొహం ఎత్తున, లోపలికి దూసుకొస్తోంది. పక్కకి తప్పుకుంటే హోసే చచ్చాడు. మోకాలు వంచాను, బ్యాట్ చాచాను, చేతులు మెత్తగా వదిలాను. టక్. బంతి నా కాళ్ల ముందు మూడడుగుల్లో పడి, తడి మట్టిముద్దలా ఆగిపోయింది. నా పక్కనుంచి ఎర్రమట్టి తుఫాను పోయింది, అందులో ఎక్కడో హోసే ఉన్నాడు. నిఖిల్ బంతి అందుకుని ఇంటివైపు చూశాడు, అప్పటికే ఆలస్యం. తిరిగి ఫస్ట్ బేస్‌కి విసిరాడు. నేను ప్రాణం పెట్టి పరుగెత్తాను. బంతి నాకంటే ముందు చేరింది, రెండడుగుల తేడాతో ఔట్.

వెనక్కి తిరిగితే హోసే నా మీదికి దూకాడు. ఇద్దరం మట్టిలో పడ్డాం. మెట్ల మీద నాన్న బెంచీ ఎక్కి, టై గాలికి ఎగురుతుండగా అరుస్తున్నారు: "సాఫ్ట్ హ్యాండ్స్! చూశావా ప్రసాద్? సాఫ్ట్ హ్యాండ్స్!"

"పాప ఔటైపోయింది కదండీ" అన్నాడు ప్రసాద్ అంకుల్.

"అయితే? బోర్డు చూడు!"

నాయనమ్మకి ఆట తెలియదు. "ఏమైందిరా, మనం గెలిచినట్టా ఓడినట్టా?" అని అందరినీ అడుగుతూ, ఎందుకైనా మంచిదని ఏడుస్తోంది. ఆ తరవాత నేపర్‌విల్ వాళ్ల చివరి వంతులో ముగ్గురు వరసగా ఔటయ్యారు, ముగ్గురు ఔటైతే వంతు అయిపోయినట్టే. నాలుగు, మూడు. ఆ రాత్రి నాన్న అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగి, ఎవరి వైపూ చూడకుండా, "నేను గట్టిగా కొట్టమన్నది తప్పు" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను మొదటిసారి వినడం అదే. నాయనమ్మ ఇంకో గరిటె పప్పు వేసింది.

ఇప్పుడు వాల్ట్ లేడు, నాయనమ్మ లేదు. ఆ ఏడాది శీతాకాలంలోనే హోసే వాళ్లు టెక్సస్ వెళ్లిపోయారు, మళ్లీ జాడ తెలియలేదు. మా అమ్మాయి జట్టులో కోచ్ ఒక అంకె అరుస్తాడు, పిల్లలు మణికట్టుకి కట్టుకున్న కార్డులో ఆ అంకె వెతికి చూసుకుంటారు. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడరు. మా మైదానం ఉన్నచోట పెద్ద గోదాము కట్టారు. పోయిన నెల ఆఫీసు నుంచి వస్తూ కారు అటు తిప్పాను. పట్టాలనిబట్టి, మూల నుంచి అంచనా వేసుకుంటే, మేం బ్యాటింగ్ చేసిన చోటు ట్రక్కులు ఆగే స్థలంలో తేలింది. అక్కడ నిలబడ్డాను. అటూ ఇటూ చూశాను. హైహీల్స్ విప్పి చేత్తో పట్టుకుని, ఫస్ట్ బేస్ ఉండాల్సిన చోటికి డెబ్బై అడుగులూ పరుగెత్తాను.

కాపలా అతను కంగారుగా వచ్చి, "మేడమ్, ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను రొప్పుతూ. "రెండడుగుల్లో ఔటయ్యాను."