అరటిగెలలు తేనివాళ్ళు

నువ్వుల నూనెలో ఆకులేవో కాగిన వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి ఎడమ చెంప మీదికి పోతుంది. వెంటనే సుభద్రగారు గుర్తొస్తారు. రాజమండ్రిలో మా చీరల కొట్టు పక్క మేడ మీద ఆవిడ ఆయుర్వేద వైద్యశాల ఉండేది. తొంభైల చివర ఒక పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూస్తే మూతి వంకరపోయింది, ఒక కన్ను మూతపడటం లేదు. "ఉప్పాడ చీర" అందామంటే పెదవులు కలవక గాలి పోయింది. నోటితో బతికేవాణ్ణి, ఇక బేరం ఏం చేస్తాను?

మా అమ్మ పసరు మందుకి ఏదో ఊరు బయలుదేరదీసింది. అంత దూరం ఎందుకని నేను మేడ మెట్లెక్కాను. సుభద్రగారు నా చేత నుదురు ముడిపించి, చేతులు ఎత్తించి చూశారు. "పక్షవాతంలా లేదు గానీ, తేల్చాల్సింది నేను కాదు. ఇప్పుడే కాకినాడ వెళ్ళి నరాల డాక్టరు గారికి చూపించు."

"మందు మీ దగ్గరుండగా కాకినాడ ఎందుకండీ?"

"అడిగిన రంగు లేకపోతే ఉన్న రంగే అంటగట్టడం నీ పద్ధతి. నాది కాదు. బస్సెక్కు."

కాకినాడ డాక్టరు గారు మొహం నరం వాచిందని, త్వరగా రావడం మంచిదైందని చెప్పి మాత్రలూ కంట్లో చుక్కలూ రాశారు. ఆ భరోసా చాలక సాయంత్రం మళ్ళీ మేడెక్కాను.

"మీ కషాయం కూడా ఇవ్వండి. తగ్గితే పేరు మీకూ డాక్టరు గారికీ చెరి సగం."

ఆవిడ నవ్వారు. "ఇది చాలామందికి దానంతటదే తగ్గే జబ్బు అబ్బాయ్. మా నాన్నగారికి పెద్ద పేరొచ్చింది దీనివల్లే. తగ్గినవాళ్ళు అరటిగెలలు తెచ్చేవారు. తగ్గనివాళ్ళు ఇంకో వైద్యుణ్ణి వెతుక్కునేవారు. మాకు గెలలే కనిపించేవి."

"అయితే కషాయం పనిచెయ్యదంటారా?"

"తెలీదంటున్నాను. నూనె ఇస్తాను, చెంపకి హాయిగా ఉంటుంది. మాత్రలు మాత్రం మానకు."

తెలీదని చెప్పి సరుకు లోపల పెట్టేసుకున్న మనిషిని మా బజారులో నేను అంతవరకు చూడలేదు. వింత ఏంటంటే, ఆవిడ మీద నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

కొన్ని వారాలకి జంగారెడ్డిగూడెం నుంచి వచ్చినావిడ ఒకరు ధర తగ్గించమని పట్టుబడుతుంటే, "ఉప్పాడ చీరండీ, ఇంక తగ్గదు" అన్నాను. మాట శుభ్రంగా వచ్చింది. ఆ సంతోషంలో ఆవిడ అడిగిన ధరకే ఇచ్చేశాను. మా నాన్న ఇప్పటికీ ఎత్తిపొడుస్తారు. గెల పట్టుకుని మేడెక్కితే సుభద్రగారు, "కాకినాడ డాక్టరు గారికీ ఒకటి పంపించావా?" అన్నారు.

ఫలానా వేరు తిని వణుకు పోయిందని, మూర్ఛ పోయిందని కొట్టులో ఎవరైనా చెబితే నేను కాదనను. తిన్నా తగ్గనివాళ్ళు ఏమయ్యారండీ అని అడుగుతాను. మా గుమ్మం మళ్ళీ తొక్కని ఖాతాదారుల గురించీ ఆరా తీస్తుంటాను. అది వినడానికి అంత హాయిగా ఉండదు. పొద్దున పుక్కిలించినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి చూసుకుంటాను. నీళ్ళు రెండు బుగ్గల్లోనూ నిలిచాయంటే, కొట్టు తియ్యకముందే బోణీ అయినట్టు.