సొరంగంలో చిక్కుకున్న నేను

మా ఇంట్లో ఉరుము వినపడితే ముందు కదిలేది మేఘం కాదు, మా అత్త. నరసన్నపేట మీద ఆకాశం గొంతు సవరించుకుంటే చాలు, డెబ్బై దాటిన మనిషి పదహారేళ్ళ పిల్లలా లేచి, "అర్జునా, ఫల్గుణా" అనుకుంటూ ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తుంది. ఫ్రిజ్జు, టీవీ, మిక్సీ, ఆఖరికి ఎప్పుడో కాలిపోయి మూల కూర్చున్న టేబుల్ ఫ్యాను కూడా. ఆ తర్వాత గునపం తీసుకెళ్ళి వాకిట్లో పడేస్తుంది, పిడుగు దాని మీద పడి తృప్తి పడాలని. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. ఆవిడని కాదనే ధైర్యం నాకు లేదు సరే, పిడుగుకి కూడా లేదనుకుంటాను, ఇంతవరకూ మా ఇంటి వైపు రాలేదు.

ఆ రోజు ఉదయం పది దాటాక ఆవిడ పీకినవాటిలో నా కంప్యూటర్ ప్లగ్గు ఒకటి.

అదెంత ఘోరమో తెలియాలంటే నా ఉద్యోగం చెప్పాలి. సముద్రం మీద వాతావరణ హెచ్చరికలు ఇంగ్లీషులో వస్తాయి. ఇంట్లో కూర్చుని వాటిని తెలుగు చేసి మా సంస్థ కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. అక్కడ ఒక మరబొమ్మ ఆడగొంతు వాటిని చదువుతుంది, వెంటనే తీరం పల్లెల్లో ఫోన్లన్నీ మోగుతాయి. సంస్థ ఎక్కడో దూరదేశంలో ఉన్నంత దూరంలో ఉంది. దాని లోపలికి వెళ్ళాలంటే వీపీఎన్ అనే సొరంగంలోంచే వెళ్ళాలి. కొత్తవలస దగ్గర చీలి కిరండూల్ వైపు కొండలెక్కే రైలు ఉంది చూడండి, సొరంగంలో దూరిందంటే ఎవరున్నారో, ఏం మోస్తోందో బయటివాడికి తెలీదు. ఇదీ అంతే. అయితే నా సొరంగంలో ఒక్క బండికే చోటు. నా పేరు మీద ఒకటి లోపలుంటే రెండోదాన్ని రానివ్వరు.

ఆ సొరంగానికి ఒకప్పుడు పచ్చ బొత్తాం ఉండేది. నొక్కితే తెరుచుకునేది. ఏదో అప్‌డేట్ వచ్చి ఆ బొత్తాన్ని మింగి త్రేన్చింది. అప్పట్నించీ నల్ల స్క్రీన్ తెరిచి కమాండ్లు టైపు చెయ్యమన్నారు. నల్ల స్క్రీనంటే అమావాస్య నాడు తారు డబ్బాలోకి తొంగి చూసినట్టుంటుంది. ఒక మూల చిన్న తెల్లగీత కొట్టుకుంటూ ఉంటుంది, ఆస్పత్రిలో ఆఖరి నాడిలాగ. దానికి ఏం చెప్పినా ఒక్క మాటలో చెప్పాలి. కనెక్ట్. స్టేటస్. డిస్‌కనెక్ట్. ఈ మూడూ కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను. ఒక మాట చాలే చోట నలభై వాడే నాకు దేవుడు వేసిన శిక్ష అది.

ఆ ఉదయం వచ్చిన హెచ్చరిక మంచిది కాదు. సాయంత్రానికి గాలి తిరుగుతుందని, ఎవరూ వేటకి వెళ్ళొద్దని. మా బావ, అంటే మా ఆవిడ అన్న, ఇదే అత్త కొడుకు, మధ్యాహ్నం పన్నెండుకి పడవ తోస్తాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఏం చేశాను? గంటసేపు కూర్చుని, సముద్రుడు జూలు విదిల్చిన సింహమై తీరం మీదికి లంఘిస్తున్నాడని, నా జన్మలో రాయనంత గొప్పగా రాశాను. చివరి వాక్యంలో ఉండగా ఉరిమింది. ప్లగ్గు పోయింది. సింహం సొరంగంలోనే ఉండిపోయింది.

అత్తని బతిమాలి ప్లగ్గు పెట్టించాను. బొబ్బిలిలో పనస దుంగని వీణగా చెక్కడానికి పట్టేంత కాలం తీసుకుని కంప్యూటర్ కళ్ళు తెరిచింది. నల్ల స్క్రీన్‌లో స్టేటస్ అని కొట్టాను. కనెక్షన్ లేదంది. కనెక్ట్ అని కొట్టాను. తెల్లగీత చాలాసేపు కొట్టుకుని, ఒక వాక్యం రాసింది.

ఈ పేరుతో మీరు ఇప్పటికే లోపల ఉన్నారు.

లోపలున్నది నేనైతే కుర్చీలో ఉన్నదెవరు? ఇంకోసారి కొట్టాను. అదే మాట. మూడోసారి తప్పితే నా పేరుకే తాళం పడుతుంది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను.

"సార్, మీరు డిస్‌కనెక్ట్ చెప్పకుండా వెళ్ళిపోయారు. పాత కనెక్షన్ ఇంకా మీరున్నారనే అనుకుంటోంది. అది దానంతటది చచ్చేదాకా ఆగాలి. రెండు గంటలు."

"రెండు గంటల్లో మనుషులు చస్తారండీ! పోనీ మీరెవరైనా పంపండి."

"ఆ పల్లెల జాబితా మీ లాగిన్‌కే ఉంది సార్. పైవాళ్ళకి రాస్తాను..." అంటూండగా లైను తెగిపోయింది.

కిటికీలోంచి చూస్తే వాకిట్లో గునపం మీద వెలుతురు పసుపు రంగులో పడుతోంది. ఉదయం నుంచీ ఒక్క కాకి అరవలేదని అప్పుడు గమనించాను. బావకి ఫోన్ చేశాను.

"బావా, ఈయేళ వేటకెళ్ళకు. కొండంత అలలొస్తాయి."

"ఏ కొండ బావా? కిందటిసారి మహేంద్రగిరి అన్నావు. మోకాలు తడవనేదు."

"ఈసారి నిజం సెప్తన్నాను!"

"కిందటిసారీ ఇదే గొంతుతో సెప్పేవు. మూడు రోజులు ఒడ్డు మీద కూకుని పేకాడేం. నీ మాటని మా పల్లిలో నాలుగుతో బాగిస్తారు, తెల్దా? కొండని నాలుగుతో బాగిస్తే ఏటొస్తాది? సేనుగట్టు. గట్టుకి బయపడి కూకుంటే ఇంట్లో పొయ్యెలగదు. ఆ ఫోనావిడ సెప్పనీ, ఆగిపోతాను."

"ఆవిడ సెప్పీది నాను రాసిందే కదేటి!"

"ఆవిడ సెప్తే నీ మాటైనా సప్పగుంటాది. అందుకే నమ్ముతాం," అని నవ్వుకుంటూ పెట్టేశాడు.

ఆ నవ్వు నా చెవిలో గుచ్చుకుంది. నిజమే. నేను సింహాన్ని రాసినా ఆ గొంతు దాన్ని రేషన్ డిపో నోటీసులాగే చదువుతుంది. మా తీరంలో నమ్మకమంతా ఆ చప్పదనానిదే. నాది కాదు. ఇరవై ఏళ్ళుగా బావమరుదుల్ని నవ్వించడానికి నేను పెంచిన అలలన్నీ ఇప్పుడు అసలు అలకి అడ్డం నిలబడ్డాయి.

అత్త గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"నాను ప్లగ్గు పీకీడం వల్లేనా?"

"అది కాదత్తా..."

"ఆడు ఎల్లిపోతాడా?"

జీవితంలో మొదటిసారి, ఏమీ పెంచకుండా "ఎల్లిపోతాడత్తా" అన్నాను. గడియారంలో పదకొండున్నర.

ఆవిడ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది. గోడ మీది కాగితం చూసింది, నల్ల స్క్రీన్ చూసింది. "ఏటీ, దీనికి మూడు మాటలేనా వచ్చీది? మా మేకకే నయం, ఐదు తెలుసు. ఇంకేటన్నా ఉన్నాదేమో అడుగు."

అడగొచ్చునని నాకు తోచనే లేదు. హెల్ప్ అని కొట్టాను. చీమల బారులాగ నలభై వరసలు కిందికి దిగాయి. ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళాను. చివర్నించి ఐదో వరసలో దొరికింది: డిస్‌కనెక్ట్, పక్కన ఆల్. ఒకే పేరుతో ఎక్కడెక్కడున్న కనెక్షన్లనైనా తెంచేస్తుందట. కొట్టాను. అది వెంటనే పని చెయ్యలేదు. ఒక ప్రశ్న వేసింది: లోపలున్న కనెక్షన్ తెగిపోతుంది, దాచుకోని పని పోతుంది, ఖాయమేనా?

"ఏటడుగుతంది?"

"లోపలున్న నన్ను సంపెయ్యమంటావా అని."

"సంపెయ్," అంది అత్త, కోడికి చెప్పినంత తేలిగ్గా.

నా సింహం గుర్తొచ్చింది. గంటసేపు పెంచిన సింహం. వై అక్షరం నొక్కాను.

తెల్లగీత కొట్టుకుంది. కొట్టుకుంది. బయట అంతవరకూ కొబ్బరాకుల్లో వినిపిస్తున్న గాలి ఉన్నట్టుండి ఆగిపోయింది. అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. "గాలి ఈస్తే బయం నేదు బాబూ," అంది మెల్లిగా. "ఇలాగ ఆగిపోతేనే."

కనెక్ట్. నల్లటి దాని మీద తెల్లటి అక్షరాలు: లోపల ఉన్నారు. ఈసారి నేనే.

పన్నెండుకి పన్నెండు నిమిషాలుంది. ఇంగ్లీషు హెచ్చరిక మళ్ళీ తెరిచాను. నల్ల స్క్రీన్‌తో మాట్లాడినట్టే రాశాను. సాయంత్రం గాలి తిరుగుతుంది. వేటకి వెళ్ళొద్దు. వెళ్ళినవాళ్ళు వెనక్కి రండి. పడవలు పైకి లాగండి. ఇంకొక్క మాట కలపాలని వేళ్ళు జివ్వుమన్నాయి. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పంపేశాను.

అత్త బొడ్లో ఉన్న పాత బటన్ ఫోను మోగింది. బావ వాళ్ళ పల్లె జాబితాలో ఆవిడ నంబరు ఇంకా అలాగే ఉంది. చెవి దగ్గర పెట్టుకుంది. ఆ చప్పటి ఆడగొంతు నా నాలుగు ముక్కలూ చదివింది. అత్త కళ్ళు మూసుకుని రెండుసార్లు విన్నది.

అప్పుడే మళ్ళీ ఉరిమింది. ఈసారి నేల కింద నుంచి వచ్చినట్టుంది. అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి ప్లగ్గు మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ముందు దానికా మాట సెప్పు," అంది.

డిస్‌కనెక్ట్ అని కొట్టాను. సరేనంది. అప్పుడు పీకింది.

తర్వాత బావకి ఎన్నిసార్లు చేశానో చెబితే మీరు నాలుగుతో భాగిస్తారు కాబట్టి చెప్పను. ఫోను అందలేదు. రెండు గంటలకి ఆకాశం నేరేడుపండు రంగు తిరిగింది. మూడింటికి కరెంటు పోయింది. నాలుగింటికి గాలి వచ్చింది, వచ్చి వాకిట్లో గునపాన్ని దొర్లించింది. అత్త అన్నం ముట్టలేదు. ఫోనుని రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చుంది, గుడ్డు పొదుగుతున్నట్టు.

ఐదు దాటాక నా ఫోను మోగింది. మొదట గాలి మాత్రమే వినిపించింది. ఆ తర్వాత బావ.

"ఒడ్డునే ఉన్నాను. పడవ ఇసక మీదుండగా ఆవిడ ఫోనొచ్చింది. లాగీసేం. పక్క పల్లి పడవలు రెండు ముందే ఎల్లిపోయేయి. ఇంకా రానేదు."

అత్త ఫోను దగ్గరికి చెవి తెచ్చింది. ఏం అడగాలో తెలీక అడిగాను. "అలలెలాగున్నాయి బావా?"

మా బావ అబద్ధమాడడు. పెంచడు. చేప మూరెడుంటే జానెడని చెప్పే మనిషి.

"కిందటిసారి నువ్వొక కొండ సెప్పేవు కదా," అన్నాడు.

"ఆ."

"అదే వస్తంది."

"నాలుగుతో..."

"బాగించకు బావా."