అచ్చం ఒకేలా రెండు లైన్లు

అప్పుడు నేను శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ల్యాబ్‌లోని లైనక్స్ సర్వర్‌లో క్లాసందరికీ అకౌంట్లు తెరిచే స్క్రిప్టు నేనే రాశాను. పాస్‌వర్డ్‌ను గజిబిజి అక్షరాలుగా మార్చేటప్పుడు ఒక్కొక్కరికీ వేరే సాల్ట్, అంటే కంప్యూటర్ అప్పటికప్పుడు తోచినట్టు పుట్టించే కొన్ని అక్షరాలు, కలపాలి. అప్పుడు ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా బయటపడదు. నేను బద్ధకించి అందరికీ ఒకటే కలిపేశాను.

మర్నాడు సారు ఆ గజిబిజి అక్షరాలున్న ఫైలు తెర మీద చూపించారు. మధ్యాహ్నపు ఎండలో తేలుతున్నట్టున్న ఆ అక్షరాల్లో రెండు లైన్లు, పేర్లు తప్ప, అచ్చం ఒకేలా ఉన్నాయి. ఒకటి నాది, రెండోది మా మేనత్త కొడుకు రాజుది.

"ఏటమ్మా, ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డా?" అన్నారు సారు. క్లాసంతా ఈలలు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉమ్మడి పడవ అమ్మే దగ్గర మా నాన్నకీ రాజు వాళ్ల నాన్నకీ మాటా మాటా పెరిగి, ఆరేళ్లుగా రెండిళ్ల మధ్యా పలకరింపుల్లేవు. నా పాస్‌వర్డ్ ఆ పడవ పేరు. ఆ ఈలల మధ్య నాకు కనిపించింది మాత్రం, చిన్నప్పుడు మేమిద్దరం కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న దాని నీలం అంచు.

వరండాలో రాజు ఆగాడు. "నువ్వూ మర్సిపోనేదేటే?"

"నేదు బావా."

ఆ సాయంత్రమే స్క్రిప్టు సరిచేసి, అకౌంట్లన్నీ మళ్లీ తెరిచాను. ఇప్పుడు మా రెండు లైన్లకూ పోలికే లేదు. పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరమూ మార్చలేదు.