ఒడ్డు చేరని పిడిమన్ను

పోయిన వారం మా ఇంట్లో బట్టలుతికే మిషన్ నీళ్ళు వదలకుండా మొరాయిస్తే, బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ కింద ఉన్న జాలీ విప్పి తట్టాడు. తిరుచెందూరు వెళ్ళొచ్చిన మా అమ్మాయి బట్టల్లో దాక్కుని వచ్చిన సముద్రపు ఇసుక గుప్పెడు నేల మీద రాలింది. అతను దాన్ని చీపురుతో ఊడ్చెయ్యబోతే నేను అక్కర్లేనంత గట్టిగా వద్దని అరిచాను. ఈ పెద్దాయనకేమైందని అతను మా అమ్మాయి వైపు చూశాడు. ఏమీ కాలేదు, పాత రోజుల్లోకి జారిపోయానంతే.

ఇరవై మూడేళ్ళ వయసులో నేను తమిళనాడులోని మా పొల్లాచ్చి నుంచి పోయి ఒక చిన్న ఓడలో బట్టలుతికే పనిలో చేరాను. మెక్సికో దేశపు ఎడారి తీరం వెంబడి డబ్బున్న వాళ్ళను తిప్పి ప్రకృతిని చూపించే ఓడ అది. నీటి అంచుదాకా దిగివచ్చిన ఎడారి, తాటిచెట్టంత ఎత్తు బ్రహ్మజెముళ్ళు, నల్లరాళ్ళ మీద పొర్లే సముద్రసింహాలు, నీలంరంగు పాదాల పక్షులు, పిల్లల్ని వెంటేసుకు తిరిగే తిమింగలాలు. ఇవన్నీ నేను కళ్ళారా చూశాననుకునేరు. మా గది నీటిమట్టానికి దిగువన ఉండేది, దానికి కిటికీ లేదు. తలమీద అడుగుల చప్పుడు ఎడమకు పరుగెత్తితే తిమింగలం ఎడమవైపు వచ్చిందని, కుడికి పరుగెత్తితే కుడివైపు వచ్చిందని తెలుసుకోవడమే మా భాగ్యం. మా పాస్‌పోర్టులు ఓడ ఆఫీసు బీరువాలో, మేము ఆవిరిలో, పది నెలల ఒప్పందం. ఊపిరాడేది కాదు. మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు ఆ కొలిమిలోనే పక్క బంకు మీద పడుకునే శ్రీకాకుళం మిత్రుడు దిద్దించినవి.

ఆ ఎడారిని నేను యాత్రికుల జేబుల్లో చూశాను. ఇసుక పడితే మిషన్ పాడవుతుంది గనుక ప్రతి లాగూ జేబూ తిరగేసి దులపాలి. ఒకరోజు తెల్ల ఇసుక, ఒకరోజు బూడిదరంగుది, ఒక్కోసారి గుచ్చుకునే ముల్లు, చిన్న గవ్వ, ఎండిన గడ్డిగింజ. ఈవేళ వీళ్ళు ఎలాంటి ఒడ్డున దిగారో నాకు వేళ్ళతోనే తెలిసిపోయేది. తెలిసినకొద్దీ ఆ ఒడ్డున ఒక్కసారి కాలు మోపాలని ప్రాణం కొట్టుకునేది.

నా సరదా ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. మా వాళ్ళలో ఒక ఊరు వదిలి ఇంకో ఊళ్ళో కాపురం పెట్టేటప్పుడు కులదేవత గుడి దగ్గరి మట్టి పిడికెడు తీసుకుపోయి కొత్త నేలలో పెడతారు. దాన్ని పిడిమన్ను అంటారు. అది పెట్టినచోట ఆ తల్లి ఉన్నట్టే. కొబ్బరి వ్యాపారానికి పొల్లాచ్చి వచ్చిన మా తాత చిన్నమనూరు నుంచి మా కులదేవత జక్కమ్మను అలాగే తెచ్చుకున్నాడు. నేను బయల్దేరేటప్పుడు అమ్మ పసుపుగుడ్డలో ఆ మట్టి మూటగట్టి నా చేతిలో పెట్టింది.

"ఆడ నేల మీద ఒక చిటికె పెట్టి మొక్కుకో కన్నూ. నీళ్ళ మీదనే ఉంటే ఆమె ఎట్ల వస్తాది నీ కూడా? మరిచిపోవద్దు, సరియా?"

పదో నెలలో, చివరి ప్రయాణంలో, పైఅధికారికి ఏ పుణ్యం గుర్తొచ్చిందో నన్ను ఒక గంటసేపు ఒడ్డుకు పొమ్మన్నాడు. మూట జేబులో వేసుకుని పైకి పరుగెత్తాను. వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ చూస్తే, అల్లంత దూరంలో ఒక దీవి, ఎర్రటి కొండ, దాని కాళ్ళ దగ్గర ఇసుక. ఒడ్డుకు చేర్చే చిన్న పడవ ఎక్కే ముందు అందరి బూట్లూ బ్రష్‌తో తోముతున్నారు. ఓడ మురికి కాకుండా అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. జంతువుల గురించి యాత్రికులకు చెప్పే ఆవిడ నా జేబులు తిరగెయ్యమంది. నేను రోజూ చేసే పనే, ఆరోజు నాకు జరిగింది. మూట చూసి ఆవిడ కోప్పడలేదు. ఈ దీవి మీద బయటి మన్ను రవ్వంత కూడా పడకూడదనీ, అందులో ఒక్క గింజ ఉన్నా ఇక్కడి మొక్కలకు ముప్పనీ నిదానంగా చెప్పి, నీళ్ళలో పారేసి రమ్మంది, లేదా కింద మా గదిలో పెట్టి రమ్మంది. కిందికి పోయి వచ్చేలోగా పడవ ఆగదు.

రెండడుగుల దూరంలో సముద్రం. చెయ్యి చాపాను, వేళ్ళు విడలేదు. పడవ వెళ్ళిపోయింది. నేను మెట్లు దిగి మళ్ళీ ఆవిరిలోకి వచ్చి, ఆవేళ్టి దుప్పట్లన్నీ ఏడుస్తూ ఉతికాను.

ఇంటికి చేరగానే చెప్పులు విడవకముందే అమ్మ అడిగింది.

"పెట్టినావా?"

"పెట్టినాను మా."

ఆ ఒక్క మాటతో కిటికీ లేని ఇంకో గదిలో చిక్కుకున్నాను. అమ్మ మహా సంబరపడిపోయి చుట్టాలందరికీ చెప్పుకుంది. శుక్రవారం శుక్రవారం చిన్నమనూరు తల్లికొకటి, పొల్లాచ్చి తల్లికొకటి పెట్టే దీపాలకు మూడోది చేర్చింది, ఎడారి ఒడ్డున ఉన్న తల్లికట. పోయేదాకా ఒక్క వారం తప్పలేదు. నిజం చెబుదామని వంద శుక్రవారాలు నోరు తెరిచి, ఆ వెలుగులో ఆమె ముఖం చూసి మూసుకున్నాను.

ఆ దీవి ఆవిడ మాట సబబేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. కానీ ఎన్ని తరాల కిందటో ఆంధ్రదేశం వదిలి దక్షిణానికి నడిచొచ్చిన మావాళ్ళ మూటలు ఎవరూ విప్పి చూడలేదు గదా అని మనసు గొణుగుతుంది. ఇప్పటి తల్లులు పిల్లలు ఎక్కడున్నారో ఫోనులో చూసుకుని ధైర్యపడుతున్నారు. మన అమ్మలకు మట్టి తప్ప వేరే దారి లేకపోయింది.

మెకానిక్ పోయాక ఆ ఇసుకను కాగితంలోకి ఎత్తి బీరువా తెరిచాను. పసుపు వెలిసిపోయిన మూట, ముడి విప్పకుండా, అలాగే ఉంది. ఆరోజు శుక్రవారం. వెనక మా అమ్మాయి, వాళ్ళ నానమ్మ నేర్పినట్టే, మూడో దీపం వెలిగిస్తోంది.